వైద్య గంజాయి చట్టాలు వచ్చాక వాడకం పెరిగిందా, జనం దృష్టి మారిందా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: అమెరికాలో వైద్యావసరాలకు గంజాయిని అనుమతించిన రాష్ట్రాల్లో మామూలు జనంలో వాడకం పెరిగిందా, దాని మీద వారి అభిప్రాయం మారిందా? ఇలాంటి చట్టం మన దగ్గర వస్తే పిల్లలు పాడైపోతారని హైదరాబాద్‌లోని మీ మామయ్య, తాను ఉంటున్న చోట అలాంటిదేమీ జరగలేదని అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో, టల్సాలో ఉన్న మీ తమ్ముడు వాదించుకుంటున్నారని, మీ తమ్ముడి మిత్రుడు మెడికల్ కార్డు (చట్టబద్ధంగా గంజాయి కొనుక్కోవడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి) తీసుకున్నాడు కనుక అతని వీసాకు ఇబ్బంది ఉంటుందా అని కూడా రాశారు. నేను ఓక్లహామాలోనే మానసిక వైద్యుడిని. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది వ్యసనాల చికిత్స కోసం వచ్చేవారే. 2018లో ఇక్కడ చట్టం రాకముందు నుంచీ ఈ వ్యవహారాన్ని దగ్గరగా చూస్తున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, పెద్దల్లో వాడకం పెరిగింది. హైస్కూలు వయసు పిల్లల్లో ఈ వైద్య చట్టాల వల్ల పెరిగిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. జనాభిప్రాయం చట్టం కన్నా ముందే కదలడం మొదలై, చట్టాలతో పాటు మారుతూ వచ్చింది. పిల్లల విషయంలో మీ తమ్ముడి మాటకే ఎక్కువ బలం ఉంది, కానీ "ఏమీ జరగలేదు" అన్నది నిజం కాదు. మీ మామయ్య భయం అనవసరమైనదేమీ కాదు. అయితే ఆ భయం స్కూలు పిల్లల కన్నా పాతికేళ్ల నుంచి నలభై ఏళ్ల లోపు వారి విషయంలో పెట్టుకోవలసినది.

ముందు పిల్లల సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. వైద్య చట్టం ఉన్న రాష్ట్రాలను, లేని రాష్ట్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఉన్నచోట పిల్లల్లో వాడకం ఎక్కువగానే కనిపిస్తుంది. పత్రికల్లో వచ్చే భయపెట్టే శీర్షికలు చాలావరకు ఈ పోలిక నుంచి పుట్టినవే. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డెబొరా హాసిన్ బృందం 1991 నుంచి 2014 వరకు 48 రాష్ట్రాల్లో పది లక్షలకు పైగా విద్యార్థులు ఇచ్చిన సర్వే జవాబులను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించింది. చట్టం తెచ్చుకున్న రాష్ట్రాల్లో అంతకుముందు నెల రోజుల్లో గంజాయి వాడామన్న పిల్లలు సుమారు 16 శాతం ఉంటే, మిగిలిన రాష్ట్రాల్లో సుమారు 13 శాతం. కానీ ఆ తేడా చట్టం రాకముందు నుంచీ అక్కడ ఉన్నదే. అదే రాష్ట్రంలో చట్టానికి ముందు, తర్వాత అని విడదీసి చూసినప్పుడు పెరుగుదల కనిపించలేదు, పైగా ఎనిమిదో తరగతి పిల్లల్లో కొంత తగ్గింది. కాలిఫోర్నియా, ఓరెగాన్, వాషింగ్టన్, అలాస్కా వంటి తొలి రాష్ట్రాలు మొదటి నుంచీ గంజాయిని కాస్త తేలికగా తీసుకున్న ప్రాంతాలు, అలా తీసుకున్నాయి కనుకే అక్కడ చట్టం గెలిచింది. కారణం ఏది, ఫలితం ఏది అన్నది తారుమారు చేసుకుంటే ఈ విషయంలో ఎవరైనా తప్పు నిర్ణయానికే వస్తారు.

దేశం మొత్తానికి సంబంధించిన లెక్కలు కూడా ఇదే వైపు చూపుతున్నాయి. 1997లో ఒక జాతీయ సర్వేలో పన్నెండో తరగతి విద్యార్థుల్లో సుమారు 38 శాతం ఏడాదిలో ఒక్కసారైనా గంజాయి వాడామన్నారు. అప్పటికి వైద్య చట్టం ఉన్నది ప్రధానంగా కాలిఫోర్నియాలోనే. 2024 నాటికి దాదాపు 40 రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో చట్టం వచ్చింది, అదే సర్వేలో ఆ సంఖ్య 26 శాతానికి దిగింది. ఇందులో విచిత్రం ఒకటుంది. క్రమం తప్పకుండా గంజాయి వాడడం చాలా ప్రమాదకరమని 1991లో దాదాపు 79 శాతం పన్నెండో తరగతి విద్యార్థులు అనేవారు, 2022 నాటికి అలా అనేవారు 30 శాతం కూడా లేరు. అంటే భయం పోయింది, వాడకం మాత్రం పెరగలేదు. భయం తగ్గితే వాడకం పెరిగి తీరుతుందన్నది మా వృత్తిలో చాలాకాలం చెప్పుకున్న సూత్రం, అది ఇక్కడ పనిచేయలేదు. సిగరెట్లు బాగా తగ్గడం, పిల్లలు పెద్దల కన్నుగప్పి బయట తిరిగే సమయం తగ్గి ఫోన్ల ముందు కూర్చోవడం ఇందుకు కారణాలై ఉండవచ్చని నా అభిప్రాయం. బడి మానేసిన పిల్లలు ఈ సర్వేల్లోకి రారన్నది కూడా మరిచిపోకూడదు, నా దగ్గరికి వచ్చే పద్దెనిమిదేళ్ల వారిలో అలాంటివారే ఎక్కువ.

పెద్దల సంగతి వేరు. అదే హాసిన్ బృందం 2017లో ప్రచురించిన మరో పరిశీలనలో 1991–92, 2001–02, 2012–13 సంవత్సరాల్లో జరిగిన మూడు జాతీయ సర్వేలను పోల్చింది. వైద్య చట్టం వచ్చిన రాష్ట్రాల్లో కార్డు ఏమీ లేకుండా అక్రమంగా వాడేవారు, వాడకం అదుపు తప్పి వ్యసనంగా మారినవారు కూడా మిగిలిన రాష్ట్రాల కన్నా ఎక్కువగా పెరిగారు. వాడకంలో ఆ అదనపు పెరుగుదల సుమారు 1.4 శాతం పాయింట్లు, వ్యసనంలో సుమారు 0.7. ఇవి చిన్న సంఖ్యలుగా కనిపించవచ్చు గానీ, ఒక పెద్ద రాష్ట్ర జనాభా మీద లెక్కవేస్తే వేలల్లో, లక్షల్లో మనుషులు. మాజీ సైనికుల ఆసుపత్రి రికార్డుల మీద తర్వాత జరిగిన అధ్యయనాల్లోనూ వ్యసన నిర్ధారణలు బాగా పెరిగినట్టు తేలింది, అయితే ఆ పెరుగుదలలో చట్టాల వాటా కొద్దిదేనని కూడా తేలింది. చట్టం లేని రాష్ట్రాల్లోనూ వాడకం పెరుగుతూనే ఉంది కదా. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి: చట్టం వచ్చిన చోట సర్వే చేసేవారికి నిజం చెప్పడానికి జనం జంకరు కనుక, పెరుగుదలలో కొంత భాగం ఇదివరకు దాచినది బయటపడడమే కావచ్చు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే లెక్క ఇంకొకటి. రోజూ, లేదా దాదాపు రోజూ గంజాయి వాడే అమెరికన్లు 1992లో పది లక్షల లోపు ఉండేవారు. 2022లో వారి సంఖ్య సుమారు 1 కోటి 77 లక్షలు, అదే ఏడాది రోజూ, లేదా దాదాపు రోజూ మద్యం తాగేవారు సుమారు 1 కోటి 47 లక్షలు. దీనికి వైద్య చట్టాలనే బాధ్యుల్ని చేయడం అన్యాయం, ఎందుకంటే 2012 తర్వాత వినోదానికి అనుమతించే చట్టాలు కూడా వచ్చాయి. కానీ అప్పుడప్పుడు పార్టీల్లో వాడే వస్తువు రోజూ పొద్దుట, రాత్రి వాడే వస్తువుగా మారడంలో "ఇది నా మందు" అన్న భావన పాత్ర ఉందని నేను గట్టిగా నమ్ముతాను. మందు అంటే రోజూ వేసుకునేదే కదా. సరుకు కూడా మునుపటిది కాదు. 1990ల మధ్యలో పోలీసులు పట్టుకున్న గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ సుమారు 4 శాతం ఉండేది, 2014 నాటికి అది సుమారు 12 శాతం. ఇప్పుడు దుకాణాల్లో దొరికే మైనంలాంటి గాఢ పదార్థాల్లో 60 శాతం దాటి ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. "వైద్య గంజాయి చట్టం" అన్న పేరు ఒకటే గానీ, దాని కింద ఉన్న చట్టాలకూ చట్టాలకూ పొంతన లేదు. మిన్నెసోటా 2014లో చట్టం చేసింది. తొలి రోజుల్లో అక్కడ జాబితాలో ఉన్న కొద్ది జబ్బులకే అనుమతి, తీవ్రమైన నొప్పిని కూడా 2016లో గానీ చేర్చలేదు. పొగతాగే గంజాయి పువ్వు అమ్మకం 2022 వరకు లేదు. నూనెలు, మాత్రల వంటివే, అవి కూడా ఫార్మసిస్టు మాట్లాడి ఇవ్వాల్సిందే. అలాంటి చోట వైద్య కార్డు వల్ల వీధిలో వాడకం పెరగడానికి దారి ఎక్కడుంది?

మా ఓక్లహామా ఇందుకు పూర్తిగా ఎదురు దిక్కు. 2018 జూన్‌లో వైద్య గంజాయి మీద ఓటుకు పెట్టిన 788వ ప్రతిపాదనను సుమారు 57 శాతం ఓటర్లు ఆమోదించారు. అందులో జబ్బుల జాబితా అన్నదే లేదు. డాక్టరు సిఫారసు చేస్తే చాలు, ఏ కారణానికైనా కార్డు వస్తుంది, రెండేళ్లు చెల్లుతుంది. మామూలు రుసుము 100 డాలర్లు. మనిషి దగ్గర 3 ఔన్సులు, అంటే సుమారు 85 గ్రాములు, ఇంట్లో 8 ఔన్సులు ఉంచుకోవచ్చు, మొక్కలు కూడా పెంచుకోవచ్చు. దుకాణాల సంఖ్య మీద పరిమితి పెట్టలేదు. కొద్ది సంవత్సరాల్లోనే దుకాణాలు రెండు వేలు దాటాయి, సాగు లైసెన్సులు అంతకు ఎన్నో రెట్లయ్యాయి, సుమారు 40 లక్షల జనాభా ఉన్న రాష్ట్రంలో కార్డుదారులు మూడున్నర లక్షలు దాటారు. 2022 ఆగస్టులో కొత్త లైసెన్సులు ఆపేయవలసి వచ్చింది. దీన్ని, మిన్నెసోటా తొలి చట్టాన్ని ఒకే గంపలో వేసి సగటు తీస్తే వచ్చే సంఖ్యకు అర్థమేముంటుంది? చట్టాలను ఇలా విడదీసి చూసిన పరిశోధకులు కూడా దుకాణాలకు అనుమతి ఉందా, అవి ఎంత విరివిగా ఉన్నాయి అన్నదానిని బట్టి ఫలితాలు మారుతున్నాయని చెప్పారు. ఆన్‌లైన్‌లో వచ్చే వాదనల్లో సగం ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్లే పుడుతున్నాయి.

కార్డు ఇచ్చే పద్ధతిని కూడా కొంచెం చెప్పాలి. ఫెడరల్, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం ప్రకారం గంజాయి నిషిద్ధ పదార్థం కనుక డాక్టరు దాన్ని మామూలు మందులా చీటీ మీద రాయడు, సిఫారసు మాత్రమే చేస్తాడు. ఎంత మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పుడు ఆపాలి అన్నవేవీ ఆ సిఫారసులో ఉండవు. అవన్నీ దుకాణంలో కౌంటరు వెనుక నిలబడిన కుర్రవాడు చెబుతాడు. ఇక్కడి వ్యవస్థలో అతిపెద్ద లోపం నా దృష్టిలో ఇదే. నా దగ్గరికి వచ్చినవారిలో ఇద్దరి సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఒకాయన చమురు బావుల్లో పనిచేసి రిటైరయ్యారు. నడుం నొప్పికి రాత్రి పడుకునే ముందు కొద్ది మోతాదులో వాడతారు, ఏళ్లు గడిచినా మోతాదు పెంచలేదు. ఆయన విషయంలో నాకు పెద్దగా అభ్యంతరం లేదు. పెద్దల్లో దీర్ఘకాలిక నొప్పికి, కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న రోగుల కండరాల బిగుతుకు ఇది ఉపకరిస్తుందనడానికి తగిన ఆధారాలున్నాయని అమెరికా జాతీయ అకాడమీలు 2017లోనే నివేదిక ఇచ్చాయి.

రెండోవాడు పాతికేళ్లు దాటిన యువకుడు. నిద్ర పట్టడం లేదని కార్డు తీసుకున్నాడు. గాఢ పదార్థాన్ని వేపరైజర్‌లో (వేడిచేసి ఆవిరిగా పీల్చే పరికరం) పీల్చడం రాత్రితో మొదలై, ఏడాది తిరిగేసరికి ఉదయం లేచిన దగ్గర నుంచీ సాగింది. మానితే చిరాకు, చెమటలు, అసలు నిద్రే లేకపోవడం. వాడితే తగ్గుతున్నాయి కనుక "చూశారా, ఇది నా జబ్బుకు పనిచేస్తోంది" అన్నది అతని వాదన. అవి మానడం వల్ల వచ్చే లక్షణాలని, మొదటి వారం తీవ్రంగా ఉండి రెండు, మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయని అతన్ని ఒప్పించడానికే ఎన్నో భేటీలు పట్టాయి. వీధిలో కొన్న సరుకు వాడేవాడు తన అలవాటును అలవాటనే అనుకుంటాడు కనుక కనీసం అనుమానంతోనైనా చికిత్సకు వస్తాడు. కార్డు ఉన్నవాడికి ఆ అనుమానం రాదు. అభిప్రాయం మీద ఈ చట్టాల ప్రభావం ఏమిటని నన్ను అడిగితే, సర్వేలు కొలవని ఈ మార్పునే ముందు చెబుతాను.

సర్వేలు కొలిచిన మార్పు కూడా చిన్నది కాదు. గంజాయిని చట్టబద్ధం చేయాలనేవారు అభిప్రాయ సేకరణ సంస్థ గ్యాలప్ సర్వేలో 1969లో 12 శాతం, 1990ల మధ్యలో 25 శాతం, 2013లో 58 శాతం, 2023లో 70 శాతం. కాలిఫోర్నియా వైద్య గంజాయిని అనుమతించే 215వ ప్రతిపాదనను 1996 నవంబరులో దాదాపు 56 శాతం ఓట్లతో ఆమోదించేనాటికి, దేశంలో పూర్తి అనుమతికి మద్దతు పాతిక శాతమే అన్నది గమనించండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్‌తో చిక్కి శల్యమైపోతున్న రోగుల కోసం డెన్నిస్ పెరాన్ వంటివారు నడిపిన ఉద్యమం ఓటర్ల మనసు కరిగించింది. ఎవరి ముఖం చూసి జనం నిర్ణయించుకుంటారన్నది చాలా ముఖ్యం: 1970లలో ఆ ముఖం హిప్పీది, 1996లో మంచం పట్టిన రోగిది, 2013లో టీవీ డాక్యుమెంటరీల తర్వాత రోజుకు పదుల సార్లు మూర్ఛ వచ్చే పసిపిల్లది. ఆ పిల్లల జబ్బులకు గంజాయి మొక్క నుంచి తీసిన, మత్తు లేని కెన్నబిడియాల్ మందు ఎపిడియోలెక్స్‌ను 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది కూడా. మామూలు పరీక్షల దారిలో వచ్చిన ఆ మందు ఎవరి అలవాట్లనూ మార్చలేదన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

అయితే వైద్యం పేరుతో తలుపు తీస్తే జనం ఆగకుండా వినోదం దాకా వెళ్తారన్న మాట అన్నివేళలా నిజం కాదు. మా రాష్ట్రంలోనే పది మందిలో ఒకరికి కార్డు ఉన్న స్థితిలో, 2023 మార్చిలో వినోద వాడకాన్ని అనుమతించే 820వ ప్రతిపాదన వస్తే సుమారు 62 శాతం ఓటర్లు తిరస్కరించారు. వీధికి నాలుగు దుకాణాలు, పల్లెల్లో అక్రమ సాగు, అందుకు తోడుగా వచ్చిన నేరాలు చూసి విసిగిన మాట నిజం. కావలసినవారికి కార్డు ఎలాగూ దొరుకుతోంది, ఇంకా ఎందుకన్న లెక్క కూడా ఉంది. థాయిలాండ్‌లో ఇదే కథ ఇంకా వేగంగా నడిచింది. 2018 చివరలో వైద్యానికి అనుమతి ఇచ్చి, నియంత్రణ చట్టం సిద్ధం కాకుండానే 2022 జూన్‌లో గంజాయిని మత్తుపదార్థాల జాబితా నుంచి తీసేశారు. వీధుల నిండా దుకాణాలు వెలిశాక, 2025 జూన్‌లో మళ్లీ వైద్యుడి చీటీ ఉండాలన్నారు. జనాభిప్రాయం ఒక దిక్కుకే ప్రవహించే నది కాదు.

ఈ విషయంలో ఏ ఒక్క అధ్యయనాన్నీ పట్టుకుని తీర్పు చెప్పకండి. 2014లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో, వైద్య గంజాయి చట్టాలున్న రాష్ట్రాల్లో 1999 నుంచి 2010 మధ్య ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి) మాత్రల వల్ల మరణాలు అంచనా కన్నా సుమారు 25 శాతం తక్కువని వచ్చింది. ఎందరో శాసనసభ్యులు దాన్ని చేత్తో పట్టుకుని ఓట్లడిగారు. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే పద్ధతిలో లెక్కలను 2017 వరకు పొడిగించి చూస్తే సంబంధం తిరగబడి, మరణాలు సుమారు 23 శాతం ఎక్కువగా కనిపించాయి. గంజాయి మనుషులను చంపుతోందని దీని అర్థం కాదు, మొదటి దాంట్లో అది ప్రాణాలు కాపాడుతోందన్న అర్థం కూడా లేదు. రాష్ట్రాల సగటుల నుంచి వ్యక్తుల ప్రవర్తనను ఊహించడంలో ఉన్న ప్రమాదం ఇది.

మన తెలుగువారి ఇళ్లలో అభిప్రాయం ఎలా మారుతోందో ఒక మాట. నాకు తెలిసిన ఒక కుటుంబంలో కొడుకు తన కార్డు మీద కొన్న గమ్మీని (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయి) ఆర్నెల్ల కోసం వచ్చిన తల్లికి మోకాళ్ల నొప్పికని ఇచ్చాడు. అరగంటలో ఏమీ కాలేదని ఆవిడ ఇంకొకటి తిన్నారు, ఆ తర్వాత తల తిరిగి, గుండె దడతో అత్యవసర విభాగానికి వెళ్లవలసి వచ్చింది. తిన్న గంజాయి పనిచేయడానికి గంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. ఊళ్లో గంజాయి పేరు ఎత్తితే ఒప్పుకోని ఆ తల్లి, శుభ్రమైన డబ్బాలో లేబులుతో వచ్చేసరికి మారుమాట లేకుండా తిన్నారు. ఒకరి కార్డు మీద కొన్నది ఇంకొకరికి ఇవ్వడం ఇక్కడ చట్టరీత్యా తప్పు కూడా. పసిపిల్లల సంగతి మరీ ఘోరం: ఆరేళ్ల లోపు పిల్లలు ఇలాంటి తినుబండారాలు పొరపాటున తిన్నట్టు అమెరికా విష నియంత్రణ కేంద్రాలకు 2017లో 207 కేసులు వస్తే, 2021లో 3,054 వచ్చాయి. ఇంట్లో పెట్టుకునేవారు తాళం వేసుకోవాలి.

ఇక భారతదేశం గురించి మీ మామయ్యకు చెప్పండి: అమెరికా అంకెలను ఎత్తి అక్కడ పెట్టలేము, ఆశ పెట్టడానికైనా భయపెట్టడానికైనా. 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వచ్చిన జాతీయ నివేదిక ప్రకారం ఏడాదిలో గంజాయి మొక్క నుంచి వచ్చే ఏ పదార్థాన్నైనా వాడినవారు 2.8 శాతం, వారిలో ఎక్కువమంది భంగు వాడినవారే. అమెరికాలో 2022లో పన్నెండేళ్లు దాటినవారిలో ఇది 22 శాతం. 1985 నాటి మత్తుపదార్థాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) పువ్వును, బంకను నిషేధించి, విడి ఆకును, గింజను నిర్వచనం బయట ఉంచింది, వైద్య, శాస్త్రీయ అవసరాలకు అనుమతించే వీలు కూడా అందులోనే ఉంది. విశాఖ మన్యం నుంచి లారీల్లో వెళ్లే సరుకు ఆ వైద్య అనుమతితో సంబంధం లేని వేరే, అక్రమ వ్యాపారం. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు మొదలుపెట్టిన ఆపరేషన్ పరివర్తనలో వేల ఎకరాల తోటలు నరికినా ఆ గిరాకీ దేశమంతటా ఉంది. మిన్నెసోటా తొలి చట్టం వంటిది వస్తే, అంటే నిర్దిష్టమైన జబ్బులకు, నిర్దిష్టమైన మోతాదులో, ఫార్మసీ ద్వారా అయితే, పిల్లల్లో వాడకం మీద దాని ప్రభావం నామమాత్రమని నా అంచనా. ఓక్లహామా చట్టం వంటిది వస్తే మీ మామయ్య పక్షానే నేనూ వాదిస్తాను.

మీ తమ్ముడి మిత్రుడి కార్డు గురించి: వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం మూడూ ఫెడరల్ వ్యవహారాలు, రాష్ట్రం ఇచ్చిన కార్డు అక్కడ రక్ష కాదు. రాష్ట్రంలో చట్టబద్ధమైన గంజాయి వాడకం కూడా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన విషయంలో ప్రతికూలంగా పరిగణించవచ్చని వలస సేవల విభాగం 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా ప్రకటించింది. ఇంటర్వ్యూలోనో విమానాశ్రయంలోనో "వాడాను" అని ఒప్పుకున్నా, శిక్ష ఏదీ పడకపోయినా చిక్కు రావచ్చు. అలాగని అబద్ధం చెబితే అది ఇంకా పెద్ద నేరం. కనుక ఏ ఫారమ్ మీదైనా సంతకం పెట్టే ముందే వలస న్యాయవాదిని కలవమనండి. వారాంతాల్లో టల్సా నుంచి డాలస్‌కు వెళ్లే అలవాటు ఉంటే ఇంకో సంగతి కూడా చెప్పండి: టెక్సాస్‌లో ఓక్లహామా కార్డు చెల్లదు, కారులో గాఢ పదార్థం ఉన్న వేప్ ఒక్కటి దొరికినా అక్కడ అది తీవ్రమైన నేరం కిందికి వస్తుంది.